గవర్రాజు ఆపిన ఓడలు

గాజువాకలో గవర్రాజు ఇల్లు రెండు గదులూ ఒక వసారా. గోదావరి జిల్లాల నుంచి విశాఖపట్నం చూడటానికి వచ్చే చుట్టాల లెక్కలో మాత్రం అది సత్రం. సంచులతో దువ్వాడలో రైలు దిగుతారు. గవర్రాజు స్టీల్ ప్లాంటులో డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి అతని మంచం మీదే నిద్రపోతుంటారు. మర్నాడు సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్, చివరికి బీచ్. ఇరవై ఏళ్లకు పైగా ఇదే వరస. సబ్‌మెరైన్ లోపల తల ఎక్కడ వంచాలో గవర్రాజు నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

అతని ఉద్యోగం ప్లాంటు స్టోర్సులో. కార్మికులకు బోల్టులు, చేతి తొడుగులు, సబ్బులు ఇస్తాడు. ఓడలతో ఏ సంబంధమూ లేదు. అయితే ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కనూ బావ శ్రీరామ్మూర్తినీ బీచ్‌కి తీసుకొచ్చినప్పుడు ఒక పొరపాటు చేశాడు. సముద్రంలో దూరంగా నిలబడ్డ ఓడల్ని చూసి బావ, “అవెందుకోయ్ అక్కడే ఆగిపోయాయి?” అన్నాడు. పోర్టు లోపల చోటు దొరికేదాకా అలా ఆగుతాయని చెబితే సరిపోయేది. కానీ తమ్ముడు సబ్బులు పంచుతాడని అక్క అప్పటికే మొగుడికి చెప్పేసింది. ఆ మచ్చ తుడుచుకోవాలనిపించింది గవర్రాజుకు.

“ఆ ఎర్రది మా ప్లాంటుకి బొగ్గు తెచ్చింది బావగారూ. నేను సంతకం పెడితేగాని లోపలికి రాదు.”

బావ ఆ మాటను భద్రంగా ఊరికి మోసుకెళ్లాడు. రాజోలు పక్క కొబ్బరి తోటల్లో అది బాగా ఏపుగా పెరిగింది.

ఈసారి బావ తన వెంట చలమయ్యను తెచ్చాడు. ఆయన కొబ్బరికాయల వ్యాపారి. కొడుకు వీరేంద్ర డిప్లొమా పూర్తిచేసి, ఊళ్లో మోటార్‌సైకిల్ మీద తిరగడం తప్ప మరో పని పెట్టుకోలేదు. రాత్రి భోజనాల దగ్గర చలమయ్య అసలు సంగతి బయటపెట్టాడు.

“తమరో సంతకం పడేస్తే మావోడు పోర్టులో పడతాడండి. ఆయ్.”

గవర్రాజు ఎత్తిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. వడ్డిస్తున్న భార్య భ్రమరాంబ అతని మొహం చూసి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లి, నవ్వు ఆగేదాకా బయటికి రాలేదు. ఎలాగైనా రేపు బీచ్ దగ్గర నిజం చెప్పేయాలి, ఈ బెడద వదిలించుకోవాలి అనుకున్నాడు గవర్రాజు. నిజం చెబితే ఇంకో లాభం కూడా ఉంది. బావకు కోపమొచ్చి రావడం మానేస్తాడు.

మర్నాడు సాయంత్రం బీచ్‌లో అతనికి నోరు తెరిచే అవకాశమే దొరకలేదు. చూపించే పని బావే తీసుకున్నాడు.

“అదిగో చలమయ్యా, ఎర్రది. మా బావమరిది ఆపాడు.”

“ఎందుకండీ?”

“బొగ్గు తడిసింది. వీడికి నచ్చలేదు.”

గవర్రాజు కూతురు హరిచందన దువ్వాడ దగ్గర ఇంజనీరింగ్ చదువుతోంది. చుట్టాలతో తిరగడం దానికి శిక్ష. ఓడల వివరాలు చూపే యాప్ తెరిచి, ఫోన్ ఆ ఓడ వైపు ఎత్తి చూసి, “ఏటి మావయ్యా, అది బొగ్గు ఓడ కాదు. ట్యాంకరు. నూనె,” అంది.

“మీ నాన్న సంతకం పెట్టందే ఫోన్లో సరిగ్గా ఎక్కించరమ్మా,” అన్నాడు బావ ఏమాత్రం తడుముకోకుండా. చలమయ్య మొహంలో చిన్న అనుమానం కనబడేసరికి, ముంత కింద పప్పు అమ్ముతున్న పోతమ్మను పిలిచాడు. “ఏమ్మా, మీవాళ్లు చేపల వేటకెళ్తారు గదా. ఆ ఎర్ర ఓడలో బొగ్గే గదా ఉన్నది?”

“మీరేటంటే అదే బాబు. ఎన్ని పొట్లాలు?”

“నాలుగు.”

“అయితే బొగ్గే.”

చలమయ్య కుదుటపడ్డాడు. ఇంక లాభం లేదని గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.

“చలమయ్యగారూ, వినండి. నేను స్టోర్సులో సబ్బులిస్తాను. నా సంతకానికి సబ్బు తప్ప ఏదీ కదలదు. ఓడల సంగతి నాకు తెలీదు. అప్పుడు బావగారితో అబద్ధం చెప్పాను.”

పోతమ్మ నిమ్మకాయ పిండటం ఆపింది. గవర్రాజు బావ కోపం కోసం ఆశగా చూశాడు. బావ నవ్వుతూ చలమయ్య భుజం మీద చెయ్యేశాడు.

“నేను చెప్పలా? పెద్ద పోస్టులో ఉన్నవాడు ఇలాగే అంటాడు. అడిగిన ప్రతివాడి దగ్గరా ఒప్పుకుంటే బతకనిస్తారా?”

“అంతేగదండి,” అన్నాడు చలమయ్య, ఇప్పుడు మరింత భక్తిగా. “సబ్బులని భలే అన్నారండి. మా ఊళ్లో ఎమ్మార్వో కూడా ఇంత అణకువ చూపించలేదు. బుధవారం మావోణ్ణి పంపుతానండి. పనయ్యేదాకా తమ ఇంట్లోనే పడుంటాడు. తిండి దగ్గర పేచీ లేదు, ఏది పెట్టినా తింటాడు. కొంచెం ఎక్కువ తింటాడు, అంతే.”

“నాన్నా, వాడు నా గదిలో మాత్రం వద్దు,” అంది హరిచందన.

“వసారాలో పడుకుంటాడ్లే,” అన్నాడు బావ, తన ఇల్లే అన్నట్టు. “నేను కూడా వస్తా. కుర్రాడికి ఊరు చూపించాలి గదా. గవర్రాజుకి డ్యూటీలుంటాయి.”

గవర్రాజు ఫోన్ మోగింది. భ్రమరాంబ.

“రాత్రికి ఎంతమందికి వండమంటారు?”

“రాత్రికి మామూలే. బుధవారం నుంచి ఒక మనిషి ఎక్కువ. బావగారు కూడా వస్తారట.”

అవతల గరిట కిందపెట్టిన చప్పుడు వినిపించింది.

“ఎన్నాళ్లు?”

గవర్రాజు సముద్రం వైపు చూశాడు. ఎర్ర ఓడ ఉన్నచోటే ఉంది. “ఆ ఎర్ర ఓడ లోపలికి వచ్చేదాకా,” అన్నాడు.

“మరి సంతకం పెట్టి తగలెయ్యండి,” అని భ్రమరాంబ ఫోన్ పెట్టేసింది.