ముక్కలు ఎప్పుడు పడెయ్యాలో నేర్పిన మా సత్యం బావ

నిన్న మధ్యాహ్నం జగ్గయ్యపేటలో మా విత్తనాల షాపులో కూర్చుని ఉన్నాను. నందిగామ నుంచి అక్క ఫోన్.

"మీ బావ లేడ్రా తమ్ముడూ" అంది.

"లేకపోతే ఎక్కడికెళ్లాడు, బజారుకా?" అన్నాను.

అక్క ఫోన్లోనే బావురుమంది.

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. అన్నం తిని కాసేపు నడుం వాల్చిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయాడట. ఎదురుగా కస్టమర్ నిలబడి ఉన్నాడు. అతనికి ఏం చెప్పి పంపించానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఈరోజు పొద్దున సాగనంపి వచ్చాం.

ఏడుపు పోస్ట్ పెడితే బావ ఊరుకోడు. "ఏంట్రా ఈ బోడి సెంటిమెంటు" అంటాడు. అందుకే నవ్వుకున్న సంగతులే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: సత్యనారాయణ, మా అక్క భర్త. నందిగామలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ చెప్పిన లెక్చరర్. పేకాట పిచ్చోడు. కానీ రూపాయి పందెం కాసి ఎరగడు. ఓడినవాడు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాలి, అంతే.

ప్రతి ఆదివారం మా షాపు మేడ మీద నలుగురం కూర్చునేవాళ్లం. బావ, నేను, కారు డ్రైవర్ మస్తాన్, వత్సవాయి నుంచి బండేసుకుని వచ్చే రైతు నాగేశ్వర్రావు.

బావ జన్మలో క్యాసినో గడప తొక్కలేదు. గోవా కూడా చూడలేదు. అయినా అక్కడ ఆడే ఇరవై ఒకటి ఆట, బ్లాక్‌జాక్ మీద రెండు లాంగ్ నోట్‌బుక్కులు నింపాడు. అందులో ఎర్లీ సరెండర్ అంటే ఆయనకి ప్రాణం.

పెద్ద విషయమేమీ కాదు. మన ముక్కలు బాగా లేవు, ముక్కలు పంచే డీలర్ ముందు ఆసు కనపడుతోంది. అతను రెండో ముక్క చూసుకోకముందే "నా వల్ల కాదు బాబూ" అని సగం పందెం వదిలేసి తప్పుకోవడం.

"నాలుగాటల్లో ఒకటి గెలిచి మూడు ఓడావనుకో, మొత్తమ్మీద రెండు పందేలు పోతాయి. నాలుగుసార్లూ సగం సగం వదిలేసినా పోయేది రెండేరా. అదే గీత! నాలుగింట ఒక్కటి కూడా గెలవలేని చెయ్యైతే పడేసెయ్" అనేవాడు.

అయిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకుంటే ఈ లెక్క ఇంకా పదునెక్కుతుందట. పదులు, బొమ్మలు పేకలో ఎక్కువ మిగిలి ఉంటే డీలర్ ఆసుకి బలం ఎక్కువ. అప్పుడు కాస్త ఫరవాలేదనిపించే చేతిని కూడా వదిలెయ్యాలట. నేను తలూపేవాణ్ణి. సగం అర్థమయ్యేది.

మన రమ్మీలో స్కూట్ కూడా ఇదేరా అన్నాడు. మొదట్లోనే ముక్కలు పడేస్తే ఇరవై పాయింట్లు, మొండికేసి కూర్చుంటే ఎనభై దాకా.

"ఇరవైతో పోయేదాన్ని ఎనభై దాకా లాక్కోకండ్రా!"

పాత క్వశ్చన్ పేపర్ల వెనక లెక్కలేసి నెల రోజులు మాకు క్లాసు పీకాడు.

తర్వాతి ఆదివారం ముక్కలు పంచగానే మస్తాన్‌కి ఫోనొచ్చి కిందకి వెళ్లాడు. నాగేశ్వర్రావు ముక్కలు చూసుకుని స్కూట్ అన్నాడు. నేనూ స్కూట్. బావ కళ్లజోడు సర్దుకుని, ఏదో గొణుక్కుని, ఆయనా స్కూట్.

మస్తాన్ పైకి వచ్చేసరికి ఆట అయిపోయింది. మిగిలింది ఒక్కడే కాబట్టి గెలిచింది మస్తానే!

బోర్లించి ఉన్న మస్తాన్ ముక్కలు తిప్పి చూశాం. పదమూడింట్లో ఒకదానికొకటి పొంతన లేదు.

"ముక్క ముట్టుకోకుండా గెలిచినోడు మన పేటలో ఎవడన్నా ఉన్నాడా మాస్టారూ?" అని మస్తాన్ కాలరెగరేశాడు.

బావ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "తప్పు నాదేరా. మీరెవరూ ఈ జన్మకి లెక్క నేర్చుకోరన్న ధైర్యంతో వేశాను ఆ లెక్క!"

కిందటేడాది బావకి కడుపులో గడ్డ బయటపడింది. విజయవాడ డాక్టర్ దాచకుండా చెప్పాడు. మందులతో సరిపెడితే కొన్ని నెలలు. ఆపరేషన్ చేస్తే, నలుగురిలో ఒకరు బయటపడటం కూడా కష్టమే.

బావ గీత నాకు కంఠతా వచ్చు. ఇది గీతకి దిగువన ఉంది. మందులు రాయించుకుని ఇంటికి పోదాం అంటాడనుకున్నాను.

"చేయించుకుంటానండి" అన్నాడు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. "బావా, నీ లెక్క ప్రకారం పడెయ్యాలి కదా?" అక్క నన్ను చంపేసేలా చూసింది.

"స్కూట్ ఎందుకంటాంరా బామ్మర్దీ? తర్వాతి ఆటలో మంచి ముక్కలొస్తాయని. దీనికి తర్వాతి ఆట ఏదీ?" అన్నాడు.

అక్క చెయ్యి పట్టుకుని "భయంగానే ఉందే" అన్నాడు. బావ నోట ఆ మాట విన్నది ఆ ఒక్కసారే.

గెలిచాడు!

మూడు నెలలకల్లా, అక్క తిడుతున్నా వినకుండా, నందిగామలో బస్సెక్కి మేడ మీదికి వచ్చేశాడు. ఆ తర్వాత ఏడాది పైన ఆదివారాలు మాతోనే ఉన్నాడు.

ఒక్క విషయం మాత్రం మారింది. మళ్లీ ఒక్కసారి కూడా స్కూట్ అనలేదు. ఎంత చెత్త ముక్కలొచ్చినా చివరిదాకా పట్టుకుని కూర్చునేవాడు. మొన్న ఆదివారం కూడా ఎనభై తిన్నాడు, ఇకిలిస్తూ.

"మాస్టారూ, మీ లెక్కలన్నీ ఏమైపోయినాయండీ?" అన్నాడు మస్తాన్.

"ఓడితే ఓడాన్లే మస్తానూ. ముక్కలు చేతిలో ఉంటే బాగుంది" అన్నాడు.

వెళ్లిరా బావా. ఏ నొప్పీ లేకుండా, ఏ తొందరా లేకుండా, నువ్వున్న చోట చల్లగా ఉండు.