ఫోను మనిషిది, వలది కాదు

సార్ పోయారు. శామీర్‌పేట చెరువు గట్టు మీద మా చేపల సంఘం మనిషి ఒకతను చెప్పాడు: "నీకు ఎర్కలేదా కాకా? మొన్ననే అయిపాయె."

ఎరుక లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే సార్ పాఠమే చెప్పాలి.

ఆయన ఇంజినీరింగ్ కాలేజీలో డేటాబేసులు చెప్పి రిటైరయ్యారు. నేను అయిదో తరగతి దాటనివాణ్ణి. సంఘం గదిలోని పాత కంప్యూటరును నొక్కి నొక్కి నేర్చుకున్నాను. మొదటి మూడు రోజులు మౌసును తలకిందులుగా పట్టుకున్న సంగతి ఇక్కడ అనవసరం. గౌడవెల్లి నుంచి కొర్రమీను కోసం వచ్చిన సార్, నా తెరలోకి తొంగిచూసి చేపను మరిచిపోయారు.

సభ్యుల పట్టీ, ఎవరు ఏ రోజు వల వేయాలో చెప్పే వలల వంతు, పడవల పట్టీ. మూడింటిలోనూ ప్రతి మనిషి పేరూ ఊరూ ఫోనూ ఎక్కించి మురిసిపోతున్నాను.

"ఏందన్నా గిది? ఫోను మనిషిదా, వలదా?"

"మనిషిదే సార్."

"మరి వలల వంతుల దానికేం పని? నంబరు మారితే మూడు తావుల దిద్దుతవా?"

"దిద్దుత. చేతుల్లేవా నాకు?"

"చేతులున్నయి. యాది ఉండది."

నన్ను బయటికి తీసుకెళ్లి, గట్టున బోర్లించిన పడవ అడుగున తారు కుంచెతో బాణాలు గీశారు. సభ్యత్వ నంబరు నుంచి పేరుకొకటి, ఊరికొకటి, ఫోనుకొకటి.

"గీ నంబరు తెలిస్తే మనిషి ఒక్కడే దొరుకుతడు. పేరు తెలిస్తే దొరుకుతడా? మీ తాన మల్లేశ్‌లు ఎందరు?"

"అయిదుగురు సార్. పిలిస్తే ఒక్కడూ పలకడు."

పడీపడీ నవ్వారు. బాణాలు పోయే సంగతులు సభ్యుల పట్టీలో ఒక్కసారే ఉండాలి, మిగతా రెండింటిలో సభ్యత్వ నంబరు చాలు అన్నారు. చాయ్ చల్లారేలోపు అర్థమైంది. "ఎండకాలంల చేస్త సార్" అన్నాను. నాలుగు ఎండాకాలాలు పోయాయి.

ఆయనను గౌరవ సభ్యుడిగా మూడు పట్టీల్లోనూ ఎక్కించాను. వలా లేదు, పడవా లేదు. అభిమానం, అంతే. నిరుడు ఫోను పోగొట్టుకుని, కొత్త నంబరు చెప్పడానికి తానే వచ్చారు. సభ్యుల పట్టీలో దిద్దాను. మిగతా రెండూ రేపనుకున్నాను.

తర్వాత ఆయన రావడం తగ్గింది. ఫోన్ చేద్దామని చూస్తే ఎదురుగా తెరిచి ఉన్నది వలల వంతు. అందులోని నంబరుకే చేశాను. స్విచాఫ్. వారం పాటు అదే. నా బద్ధకానికి విసిగి సార్ ముఖం చాటేశారనుకున్నాను. నాకూ రోషం వచ్చింది. గౌడవెల్లి ఎంత దూరమని! పోలేదు.

నిన్న పోయాను. ఆయన కూతురు మంచినీళ్లిచ్చి అంది: "బాపు మంచంల పడ్డంక మీకు నేను ఫోన్ చేస్తనంటె వద్దన్నడు కాకా. 'అన్నను పరేషాన్ చెయ్యకు. ఆయన తాన నా కొత్త నంబరు ఉన్నది, ఆయనే చేస్తడు' అన్నడు."

ఉన్నది. ఒక్క చోట.

ఈ పొద్దున ఆ రెండు పట్టీల్లోంచీ ఫోన్లన్నీ తీసేశాను. చాయ్ చల్లారేంత పనే. బయటికి వస్తే పడవను గట్టున బోర్లించి ఉంచారు. తారు బాణాలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఫోనుకు పోయే బాణం మీద ఒక నత్త, తడి గీత వదులుతూ పాకుతోంది. ఇంకా సగం దూరమే వచ్చింది.