ఫ్రాన్సు రాజుగారి కాపలా పటాలాలు, మా వెనక గేటు

నాకిచ్చిన సెక్యూరిటీ యూనిఫాం నాకన్నా ముందు పనిచేసినవాడిది. వాడు నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేంత మనిషై ఉండాలి. గాలి వీస్తే చొక్కా గేటు వైపు తిరిగేది, లోపల నేను మాత్రం రోడ్డు వైపే చూస్తూ ఉండేవాణ్ణి. దొంగలొస్తే యూనిఫాం వాళ్లను పట్టుకుంటుంది, ఈలోగా నేను పారిపోవచ్చు అన్న ధైర్యంతోనే ఉద్యోగంలో చేరాను.

ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. నేను మానేసేనాటికి మా చరిత్ర పుస్తకంలో అక్బరు ఇంకా బతికే ఉన్నాడు. తర్వాత ఏమైందో నాకు తెలియదు. అలాంటి నాకు ఫ్రాన్సు దేశపు కాపలా పటాలాల సంగతులు తెలిశాయంటే అది మా సూపర్‌వైజరు పుణ్యం. ఆయన మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. చేరిన రోజునే అనకాపల్లిలో సెక్యూరిటీ ఏజెన్సీ ఆఫీసు ముందు మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఫ్రాన్సు ప్రెసిడెంటుగారి భవనం దగ్గర కాపలావాళ్లు. తలకు ఇత్తడి టోపీలు, టోపీ వెనక వేలాడే గుర్రపు వెంట్రుకలు, చేతిలో కత్తులు. రెప్ప కూడా వెయ్యడం లేదు.

"సూసేరా? కాపలా అంటే అదీ," అన్నాడాయన.

"మనకి గుర్రం ఎప్పుడిత్తారు సార్?" అన్నాను.

ఆ పూటంతా నన్ను ఎండలో నిలబెట్టాడు. రెప్ప వెయ్యకుండా నిలబడటం మాత్రం వచ్చింది.

నన్ను వేసింది అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ వెనక గేటుకి. ట్యాంకర్లు వచ్చిపోయే దారి. ఒక ట్యాంకరుకీ ఇంకో ట్యాంకరుకీ మధ్య చేసే పనేమీ ఉండదు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ కాపలావాళ్ల కథలే వినేవాణ్ణి. ఒకటి చూస్తే ఫోనే ఇంకోటి తెచ్చి ముందు పెట్టేది. వాళ్ల చక్రవర్తికి ఎలుగుబంటి తోలు టోపీలు పెట్టుకున్న ముసలి సిపాయిల పటాలం ఒకటి ఉండేదట. వాళ్లు ఆయన ఎదుటే సణగవచ్చట. ఇంకెవరికీ ఆ హక్కు లేదట. అలాంటి ఉద్యోగం ఒకటుందని తెలియక నేను ఇంటి దగ్గర ఇన్నాళ్లూ ఊరికే సణిగాను.

ఆ చక్రవర్తికి ముందున్న రాజుగారి సంగతి నాకు ఇంకా బాగా పట్టింది. ఆయన కోటకు రెండు రకాల కాపలా. ఒకటి స్విట్జర్లాండ్ నుంచి జీతానికి తెచ్చుకున్న పటాలం. రెండోది ఆ దేశం వాళ్లదే. ఈ రెండోవాళ్లు రాజధానిలో జనం మధ్యే కాపురాలుండేవారు, అక్కడి ఆడపిల్లల్నే చేసుకునేవారు, డ్యూటీ లేనప్పుడు అక్కడే చిల్లర పనులు చేసుకునేవారు. జనం తిరగబడ్డ రోజున వీళ్లు ఫిరంగులతో సహా జనం వైపు వెళ్లిపోయారు. స్విస్ వాళ్లు మాత్రం కదల్లేదు. వాళ్లకు ఆ ఊళ్లో బావల్లేరు, బామ్మర్దుల్లేరు.

మా కంపెనీకి ఈ కథ ఎవరు చెప్పారో తెలియదు కానీ, అక్కడా అదే పద్ధతి. మెయిన్ గేటుకి ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాళ్లు. మనుషులు వెళ్లేది అటే కాబట్టి అక్కడ చుట్టరికం ఉండకూడదు. మాలాంటి లోకల్ వాళ్లు వెనక గేటుకి. ట్యాంకర్లతో ఎవరికీ చుట్టరికం ఉండదు కదా.

ఆ ఏడాది వానలకు ముందు కంపెనీలో లేబర్ కాంట్రాక్టరు మారాడు. పాతవాళ్లలో ఎవరిని ఉంచుకోవాలో కొత్తాయన ఒకరోజు పొద్దున్నుంచీ క్యాంటీన్‌లో కూర్చుని చూస్తున్నాడు. భోజనాల బెల్లు కొట్టేలోగా ఎదురుగా వెళ్లి నిలబడ్డవాళ్లకు పని. మిగిలినవాళ్లు ఇంటికి. మా బామ్మర్ది, మా ఆవిడకు తమ్ముడు, అక్కడే ప్యాకింగ్‌లో చేసేవాడు. వాళ్లూరి దగ్గర కంపెనీ బస్సు ఆపడం లేదని పాత కాంట్రాక్టరుతో అంతకుముందే గట్టిగా మాట్లాడాడు. ఆ మాట పట్టుకుని ఆ పొద్దున వాణ్ణి మెయిన్ గేటులో ఆపేశారు. ఆ ఉద్యోగం చూసే వాడికి నాతవరం వైపు సంబంధం కుదిరింది. ఉద్యోగం లేకపోతే పిల్లనివ్వమని వాళ్లు మొహాన్నే చెప్పారు.

వాడు ప్రహరీ చుట్టూ తిరిగి నా గేటుకొచ్చాడు. చొక్కా చెమటకి ఒంటికంటుకుపోయి ఉంది.

"బావా, సిన్న తలుపు తియ్యి. కేంటీన్లోకెల్లి ఓసారి కనబడి వచ్చెత్తాను."

"మెయిన్ గేటుకాడ ఏటన్నారు?"

"మాట హిందీలో అన్నారు. సెయ్యి మాత్రం తెలుగులోనే ఊపేరు, పొమ్మని."

"మీ అక్కకి తెలుసా?"

"అక్కే నీకాడికెల్లమంది."

"అయితే తియ్యకపోతే నాకు ఈ రోజు కూడు లేదన్నమాట."

"ఎటకారాలు తరవాత బావా. బెల్లు కొట్టేత్తారు."

నెత్తి మీద కెమెరా ఉంది. నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఆ క్షణంలో నాకు ఫ్రాన్సు గుర్తొచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. మా అత్తగారి మొహం కూడా రాలేదు. పన్ను పీకే ముందు ఇంజక్షన్ ఇస్తే చెంప ఎలా అయిపోతుందో, లోపలంతా అలా ఉంది. చెయ్యి వెళ్లి గడియ తీసింది. వాడు లోపలికి పరిగెత్తాడు. నేను తలుపు వేసి మళ్లీ రోడ్డు వైపు నిలబడ్డాను.

సాయంత్రం సూపర్‌వైజరు వచ్చాడు. కెమెరాలో చూసిన సంగతి చెప్పి, "ఎందుకు తీసేవురా?" అనడిగాడు.

"గేటుకి గాలాడ్డం లేదు సార్."

ఆయన నవ్వలేదు. "నానేటీ సెయ్యలేనురా. బట్టలిచ్చెయ్యి," అన్నాడు. ఇచ్చేశాను. ఆ చొక్కాలోంచి బయటకు రావడానికి నాకు గుండీలు విప్పే పని కూడా లేదు.

బామ్మర్దికి పని నిలిచింది. పెళ్లీ అయింది. పెళ్లిలో అందరూ నన్ను పిలిచి పిలిచి వడ్డించారు. తిన్నాను. ఏం తిన్నానో అడిగితే చెప్పలేను. ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో టీవీ ముందు కూర్చునేవాణ్ణి. అది ఆగిపోయినా లేచేవాణ్ణి కాదు.

"ఫ్రాన్సులో జనం వైపు వచ్చిన కాపలావోళ్లకి పతకాలిచ్చేరటే," అన్నాను ఒకరోజు మా ఆవిడతో.

"నాకు పతకం వొద్దు గానీ ఆ స్నానమేదో సెయ్యి," అంది.

ఆ స్విస్ వాళ్ల కథ చివరిదాకా అప్పుడే విన్నాను. కోట మీదికి జనం వచ్చేసరికి రాజుగారు పెళ్లాం పిల్లలతో బయటపడి ఇంకోచోటికి వెళ్లిపోయాడట. వీళ్లు ఖాళీ కోటకు కాపలా కాస్తూ ఉండిపోయారట. చాలామంది అక్కడే చచ్చిపోయారు. విని, ఫోను బోర్లా పెట్టాను. జాలి వెయ్యలేదు. వెయ్యాలని మాత్రం తెలుసు.

వానలు పడ్డాక, లోడింగ్‌కి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి మళ్లీ ఆ వెనక గేటుకే వెళ్లాను. నా చోట ఒక ఒడియా కుర్రాడు నిలబడి ఉన్నాడు. యూనిఫాం అతనికి సరిపోయింది. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. అటు లోపల మా బామ్మర్ది టీ గ్లాసు పట్టుకుని షెడ్డు కింద నిలబడ్డాడు. పిలిస్తే ఊచల దాకా వచ్చాడు.

"ఏరా, కొత్త పెళ్లికొడకా! ఈ కుర్రోడు నీకు తెలుసు గదా. సిన్న తలుపు తియ్యమను. మీ కాంట్రాక్టరికి ఓసారి కనబడి వచ్చెత్తాను."

వాడు పైనున్న కెమెరా వైపు చూశాడు. టీ ఒక గుక్క తాగాడు.

"తీసినందుకే గదా నువ్వు బయటున్నావు బావా. ఇప్పుడు నేను తీయిత్తే నేనూ నీ పక్కకొచ్చి నిలబడాల. అప్పుడు మనిద్దరికీ తలుపు తియ్యడానికి లోపల మనోడెవుడుంతాడు?"