ఇనప గేటుకు అవతల

నెవాడాలో కంకర రోడ్డు మీద రెండు గంటలు డ్రైవ్ చేశాక ఆ పశువుల రాంచ్ వచ్చింది. శాంటా క్లారాలో నా పక్క సీట్లో పనిచేసే అమెరికన్ కొలీగ్ పుట్టిల్లు అది. "అమ్మ ఒక్కతే ఉంటుంది. మీరు వెళ్తే సంతోషిస్తుంది" అని నన్నూ మా ఆయన్నీ పంపింది. ఫోన్‌లో సిగ్నల్ పోయి అప్పటికే చాలాసేపయింది.

పెద్దావిడకి ఎనభై దాటాయి. తన తాత దుంగలతో కట్టిన ఇల్లు చూపించింది. తలుపు చెక్క మీద నాలుగు తరాల పిల్లల ఎత్తులు కత్తితో గీసి ఉన్నాయి. భోజనానికి ముందు నేను పశువుల కొట్టం చూసొస్తానంటే, "కొట్టం వెనకున్న ఇనప గేటు దాటకు" అంది.

నేను దాటాను. చిన్నప్పుడు గేదెల పాలు పితికిన దాన్ని, నాకేం భయం అనుకున్నాను.

పొదల పక్కన అప్పుడే పుట్టిన దూడ కనిపించింది. ఒళ్లింకా తడిగా ఉంది. ఫొటో తీద్దామని వంగాను. వెనక బుసకొట్టిన చప్పుడయింది. తిరిగి చూస్తే నల్లటి ఆవు తల దించి, గిట్టతో నేలను గీరుతోంది. గేటు ఇరవై అడుగుల దూరంలో ఉంది. మేం చివరగా చూసిన ఊళ్లో ఆసుపత్రి ఉందా అని మాత్రం ఆలోచించాను.

తొడ మీద దెబ్బ తగలడం, నేను పడటం ఒకేసారి జరిగాయి. దాని ఊపిరి వేడిగా నా మెడకి తగిలింది. మళ్లీ పొడవడానికి అది వెనక్కి జరిగింది.

"లేవకు. గేటు వైపు దొర్లు." పెద్దావిడ గొంతు. పార పట్టుకుని ఆవుకీ నాకూ మధ్యకొచ్చి నిలబడింది. ముళ్లు గుచ్చుకుంటున్నా దొర్లాను. గేటు కింద నుంచి మా ఆయన నన్ను బయటికి లాగాడు. ఆవు మీద నుంచి చూపు తిప్పకుండా ఆవిడ ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ వచ్చింది.

బయటికి రాగానే పెద్దావిడ మట్టిలో కూలబడింది. పార మాత్రం ఇంకా వదల్లేదు.

"మీకూ భయమేసిందా?" అన్నాను.

"ఆ ఆవంటే నాకెప్పుడూ భయమే. అందుకే వద్దన్నాను."

సారీ చెప్పాను. "కాలు కదుపు. విరగలేదు కదా. పద, తిందాం" అంది. తిరుగు దారిలో రోడ్డు పక్కన పశువులు కనిపించినప్పుడల్లా కళ్లు మూసుకున్నాను.

"ఆవిడ వద్దన్నా గేటు దాటి ఎందుకు వెళ్లావ్?" అన్నాడు మా ఆయన.

సోమవారం ఆఫీస్‌లో కొలీగ్‌కి జరిగిందంతా చెప్పాను.

"నిన్న ల్యాండ్‌లైన్‌లో అమ్మతో మాట్లాడాను. ఒక్క మాట కూడా చెప్పలేదు" అంది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"ఎవరూ లేనప్పుడు కూడా అమ్మ అలాగే ఆ ఆవు దగ్గరికి వెళ్తుందేమో" అని, ఫోన్ తీసుకుని బయటికి నడిచింది.