మోకులాయన మూడు రోజుల సెలవు

మోకులాయన ముప్పై రెండేళ్ళుగా తమ ఊరి రేవులో చేస్తున్న పని గురించి చెప్పడానికి రెండు ముక్కలు చాలు. లాంచీ వస్తే మోకు అందుకుని ఇనుప గుంజకు కట్టడం, వెళ్ళేటప్పుడు విప్పడం. అందులో కష్టమేముందని ఎవరైనా అడిగితే ఆయన మాట్లాడకుండా రెండు చేతులూ చాపి చూపించేవాడు. అరచేతుల్లో గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడొకడు వాటిని కాసేపు అటూ ఇటూ తిప్పి, డబ్బు కూడా అడక్కుండా లేచి వెళ్ళిపోయాడు.

ఆ పని రేవులోనే వదిలేసి ఇంటికొస్తే బాగుండేది. కానీ ఆయన ఇంట్లో కట్టడానికి వీలున్న ప్రతి వస్తువునూ కట్టేసేవాడు. బియ్యం సంచి మూతి ఆయన కట్టాడంటే, ఆయన ఇంటికొచ్చేదాకా పొయ్యి వెలిగేది కాదు. కూతురు కాపురానికి వెళ్ళేటప్పుడు పెట్టెలన్నీ ఆయనే కట్టాడు. వాటిని విప్పడానికి అత్తవారింట్లో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కొత్తకోడలు ఆడబిడ్డ బట్టలు కట్టుకుని తిరిగింది.

ఇవన్నీ భార్య సహించింది. సహించలేనిది నడిమి గది. లాంచీలవాళ్ళు పనికిరావని పారేసిన మోకులన్నీ ఆయన పదకొండేళ్ళుగా ఆ గదిలోకి చేరుస్తున్నాడు. గోడ పొడవునా మేకులు, మేకులకు చుట్టలు, నేల మీద ఇంకా చుట్టలు. ఆవిడ దర్జీ. గది లేక కుట్టుమిషను వంటింట్లో, పొయ్యికి మూరెడు దూరంలో పెట్టుకుంది. "మీరు కుట్టిన గౌను వేసుకుంటే ఆకలేస్తోందండీ," అని ఒక ఖాతాదారు చెప్పిన రోజున ఆవిడ మనసులో ఏదో గట్టిగా అనుకుంది.

ఆ నెలలోనే కూతురు అమ్మానాన్నలకు సరస్సు చుట్టూ మూడు రోజుల లాంచీ ప్రయాణానికి టికెట్లు పంపింది. దారిలో రెండు ఊళ్ళలో ఆగి, తిరిగి సొంత రేవుకే వచ్చే ప్రయాణం.

"వెళ్దాం," అంది భార్య. "కానీ ఒక ఒప్పందం. ఈ మూడు రోజులూ మీరు తాడు ముట్టుకోకూడదు. ముట్టుకున్నారో, నడిమి గది నాది. ముట్టుకోలేదూ, ఆ గది మాట నేను ఈ జన్మలో ఎత్తను."

ఆయన నడుము తడుముకున్నాడు. "పైజమా బొందు?"

"అది మినహాయింపు."

"సరే అయితే." మూడు రోజులే కదా అనుకున్నాడు. ఆవిడ ఆ సాయంత్రమే వెళ్ళి ఆయనకు లేసుల్లేని బూట్లు కొనుక్కొచ్చింది.

మొదటి రోజు బాగానే గడిచింది. ముప్పై రెండేళ్ళు లాంచీలను ఒడ్డు నుంచి చూసిన మనిషి, ఒడ్డును లాంచీ నుంచి చూడటం అదే మొదటిసారి. ఆగిన మొదటి ఊళ్ళో మోకు కట్టేవాడు పనివాడే. మోకులాయన పైనుంచి చూసి తలూపి, అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

రెండో రోజు పొద్దున పదింటికి లాంచీ రెండో ఊరు చేరింది. చూస్తేనే హుషారొచ్చే ఊరు. నీటి వెంబడి బారుగా రంగు గొడుగులు, వాటి కింద టీ బల్లలు, అద్దె సైకిళ్ళు, ఐస్‌క్రీం బండి ముందు లైను, చిన్న వేదిక మీద బ్యాండువాళ్ళు. అన్నీ మేడలే, ప్రతి మేడకూ ఒక వసారా, ప్రతి వసారాలోనూ ఒడ్డుకొచ్చేవాళ్ళను చూడటానికి తీరిక ఉన్న ఇద్దరు. ఒంటిగంటదాకా ఇక్కడే ఆగుతామని లాంచీ నడిపే సరంగు మైకులో చెప్పాడు.

ఆ ఊరి రేవు మనిషి బాగా లావుపాటివాడు. ఒక చేతిలో సగం తిన్న రొట్టె ఉంది. దాన్ని కింద పెట్టకుండానే రెండో చేత్తో మోకు అందుకుని, గుంజకు రెండు చుట్లు తిప్పి, దూడకు పలుపు తగిలించినట్టు తగిలించి, టీ కొట్టు వైపు నడిచాడు.

"చూశావా?" అన్నాడు మోకులాయన.

"ఏమిటి?"

"ఏం లేదు."

"ఏం లేనిది చూడమన్నారెందుకు?"

గాలి సరస్సు మీంచి ఒడ్డుకు అడ్డంగా వీస్తోంది. లాంచీ వెనక్కి జరిగి, మోకు బిగిసి, మళ్ళీ వదులై, రేవు గోడకు వేలాడదీసిన టైర్లకు ధబ్బున కొట్టుకుంటోంది. ఆ ధబ్బు ఊళ్ళో ఎవరికీ వినపడలేదు. ఆయనకు మాత్రం రెండు వీధుల అవతలదాకా వినిపించింది.

టోపీల కొట్లో భార్య ఆయన నెత్తిన ఒక గడ్డి టోపీ పెట్టి అద్దం ముందు నిలబెట్టింది. ఆయన టోపీ వైపు చూడలేదు. అద్దంలో, తన వెనక తలుపు సందులోంచి లాంచీ కొస కనబడుతోంది. అది కనబడి, మాయమై, మళ్ళీ కనబడుతోంది.

"బాగుందా?" అడిగింది భార్య.

"జారిపోతోంది."

"కొంచెం వదులే. చిన్నది తీసుకుందాం."

గడియారాల కొట్టు ముందు ఇంకో ధబ్బు వినిపించేసరికి ఆయన ఓర్పు అయిపోయింది. జేబు తడుముకున్నాడు. "ఏమోయ్, కళ్ళజోడు లాంచీలో మరిచిపోయాను. ఇప్పుడే వస్తాను. నువ్వు ఇక్కడే ఉండు."

"నేనూ రానా?"

"ఎందుకు, ఎండ," అంటూ అప్పటికే సగం వీధి దాటాడు.

రేవులో ఎవరూ లేరు. ఆయన చేతులు ఆయన అనుమతి అడగలేదు. లావుపాటాయన చుట్లు విప్పి, మోకు లాగి, మోకులాయనకు గురువు నేర్పిన ముడి వేశాయి. మూడు చుట్లు, ఒక మెలిక, మోకు తోక లోపలికి మడిచి దాచెయ్యడం. లాగే కొద్దీ బిగుస్తుంది. ఆ తోక ఎక్కడ దాక్కుందో తెలిసినవాడు రెండు వేళ్ళతో విప్పగలడు. గురువు పోయాక అలా తెలిసినవాడు ఈయనొక్కడే.

లాంచీ ఊయల్లో నిద్రపోయిన పసిపిల్లలా కదలకుండా ఉండిపోయింది. మోకులాయనకు కడుపు నిండినట్టయింది. పన్నెండున్నరకల్లా ఏదో ఒక వంకతో వచ్చి తనే విప్పి ముందున్నట్టు చుట్టేస్తే కళ్ళారా చూసినవాడుండడు. లావుపాటాయన తన ముడి తనే మరిచిపోయాననుకుంటాడు.

"దొరికిందా?" అడిగింది భార్య.

"ఆఁ, దొరికింది," అన్నాడు. చేతులకు మోకు జిడ్డు అంటింది. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని, ఐస్‌క్రీం ఎడమ చేత్తో తిన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. అననందుకు ఆయన సంతోషించాడు. కాపురం చేసినన్నేళ్ళలో ఆవిడ ఏమీ అనకపోతే ఏమవుతుందో ఆ క్షణాన ఆయనకు గుర్తు రాలేదు.

పన్నెండుంబావుకు ఆయన కడుపులో బాగోలేదన్నాడు. ఆవిడ సంచిలోంచి మాత్ర తీసి ఇచ్చింది. పన్నెండున్నరకు కాళ్ళు లాగుతున్నాయి, లాంచీలో కూర్చుంటానన్నాడు. "కూర్చోవడానికి ఇక్కడా కుర్చీలున్నాయి," అని ఆవిడ ఆయన్ని ఒక ఫొటో స్టూడియోలోకి లాక్కెళ్ళింది. పది నిమిషాల్లో ఫొటో చేతికిస్తామని బయట బోర్డుంది.

ఫొటోగ్రాఫరుకు తొందరనేది లేదు. అతను మోకులాయన గడ్డం పట్టుకుని పైకెత్తాడు, భుజం దించాడు, చెయ్యి జేబులోంచి తియ్యమన్నాడు. తియ్యనన్నాడు మోకులాయన. సరే నవ్వండి అన్నాడు ఫొటోగ్రాఫరు. సరిగ్గా అప్పుడే లాంచీ వరసగా ఐదు కూతలు కూసింది.

ఒక కూతంటే రండి అని. మూడంటే వెళ్తున్నాం అని. ఐదంటే మోకు దగ్గర ఏదో అయిందని. ఆ ఫొటోలో ఇప్పటికీ మోకులాయన ముఖం తేలు కుట్టినవాడి ముఖంలా ఉంటుంది. పక్కన భార్య మాత్రం పెళ్ళినాటి ఫొటోలో కంటే హాయిగా నవ్వుతూ ఉంటుంది.

వాళ్ళు వెళ్ళేసరికి గుంజ చుట్టూ జనం. బ్యాండువాళ్ళు కూడా వాయించడం ఆపి వచ్చేశారు. లావుపాటాయన గునపంతో ముడిని పొడుస్తున్నాడు. చొక్కా మొత్తం తడిసింది.

"నేనిలాంటి ముడి వెయ్యనండీ," అంటున్నాడు సరంగుతో. "ఇది అసలు ముడిలా లేదు. ఎవరో పగ తీర్చుకున్నట్టుంది."

"నూనె పొయ్యండి," అని ఒక ప్రయాణికుడు.

"వేణ్ణీళ్ళయితే సాగుతుంది," అని ఇంకొకాయన.

"మోకు సాగదండీ, ఉప్మా కాదు," అంది ఎవరో ఆవిడ.

సరంగు గడియారం చూసుకుని వంటవాణ్ణి పిలిచాడు. వంటవాడు మూరెడు కత్తి తెచ్చాడు. "ఇంక చూసి లాభం లేదు. కోసెయ్."

మోకులాయన ఒక అడుగు ముందుకేశాడు. కొత్త మోకు. పొద్దున పట్టుకున్నప్పుడే చేతికి తెలిసింది, ఒక్క వానకు కూడా తడవలేదు. కత్తి దాని మీద ఆనింది. ఇంకోవైపు నడిమి గది, గోడ పొడవునా మేకులు, పదకొండేళ్ళ సంపాదన. నోరు మూసుకుంటే అది తనదే. ఒక పోగు తెగింది.

ఆయన ముంజేతి మీద భార్య చెయ్యి పడింది. "మనకెందుకండీ," అంది మెల్లిగా. "మీరు సెలవులో ఉన్నారు."

రెండో పోగు తెగింది.

"కొయ్యకండి," అన్నాడు మోకులాయన. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అన్నాడు. జనం దారిచ్చారు. "ఇంజను వేసి లాంచీని కొంచెం ఒడ్డుకు తొయ్యండి సార్. బిగువు తగ్గాలి."

లాంచీ జరిగింది. మోకు వదులైంది. ఆయన చుట్ల మధ్యకు రెండు వేళ్ళు పోనిచ్చి, తోక పట్టుకుని, పాల మీద మీగడ తీసినట్టు లాగాడు. అంత ముడీ నేల మీద కుప్పగా పడింది.

లావుపాటాయన గునపం కింద పెట్టాడు. "మీరేనా వేసింది?"

"నేనే. లాంచీ కొట్టుకుంటుంటే చూడలేకపోయాను."

లావుపాటాయన కోప్పడతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంకోసారి వేసి చూపిస్తారా, అన్నగారూ?"

మోకులాయన భార్య వైపు చూశాడు.

"ఎలాగూ ఓడిపోయారుగా," అంది ఆవిడ. "చూపించండి."

ఆయన మూడుసార్లు చూపించాడు. లాంచీ ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది.

నీళ్ళ మధ్యకు వచ్చాక భార్య సంచి తెరిచి, కళ్ళజోడు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "పొద్దున లాంచీ దిగేటప్పుడు మీరే ఇచ్చారు, దాచమని."

ఆయన దాన్ని పెట్టుకున్నాడు. ఆవిడ ఒక కాగితం కూడా తీసింది. గది పొడవు, వెడల్పు, కిటికీ కొలత, మిషను ఎటు తిరిగి ఉండాలో బాణం గుర్తు. కర్టెనుకు ఎన్ని గజాలో కూడా వేసి ఉంది.

"ఇదెప్పుడు కొలిచావు?"

"బయల్దేరే ముందు రోజు."

ఒడ్డున గొడుగులు చిన్నవై చుక్కలయ్యాయి. "ఒక్క మోకు ఉంచుకోనా?" అన్నాడాయన చివరికి.

"ఉంచుకోండి. వసారాలో బట్టలారేసుకోవడానికి తాడు లేదు."

"అయితే నేనే కడతాను."

"కడుదురుగాని," అంది ఆవిడ కాగితం మడుస్తూ. "ముందు విప్పడం నాకు నేర్పండి."