బాపు తెల్ల కారు, మూతపడిన కంపెనీ

మా చిన్నతనంలో పొద్దున లేచేసరికి ఇంటి ముందు బాపు కారు బానెట్ ఎత్తి ఉండేది... అమ్మ గోలెంలోంచి చెంబుతో నీళ్లు ముంచి ఇస్తే, బాపు రేడియేటర్‌లో పోసేవాడు. తాళం తిప్పితే రెండు మూడుసార్లు దగ్గి, అప్పుడు స్టార్టయ్యేది.

మాది శంషాబాద్ పక్క ఊరు. విమానాశ్రయం కోసం తీసుకున్న భూముల్లో మా పొలం కూడా పోయింది. జొన్న, కంది పండిన నేల... చేతికి వచ్చిన పరిహారంతో బాపు ఈ కారు కొన్నాడు. అదీ పాతదే.

"భూమి పోయిందని ఏడ్సుకుంట కూసుంటే ఏమొస్తది? రేపు విమానాలు దిగుతయ్. దిగినోళ్లు ఇంటికి నడిచిపోరు గద" అన్నాడు అమ్మతో.

ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని అత్తాపూర్‌లోని మెకానిక్ షెడ్డుకు వెళ్లేవాడు. అక్కడికి ప్రసాదరావు గారు వచ్చేవారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన బ్యాంకు ఉద్యోగి. ఆయనదీ అదే కంపెనీ కారు. ఇద్దరూ ఇరానీ చాయ్ తాగుతూ ఆ కారు గురించే మాట్లాడుకునేవారు.

"ఒకప్పుడు దేశంలో కార్లు చేసే కంపెనీలే తక్కువమ్మా. మా నాన్నగారు బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశారు. కారు వచ్చిన రోజు వీధంతా మా ఇంటి ముందే ఉంది" అని నాతో చెప్పేవారు ప్రసాదరావు గారు.

"స్టీరింగ్ తిప్పితే భుజాలు పడిపోతయ్ సార్. ఎండకాలం ఇంజన్ కుతకుత ఉడుకుతది. కానీ గుంతల పడ్డా వెనక కూసున్న ముసలామెకు తెల్వది" అనేవాడు బాపు.

కందుకూరు నుంచి ఒక రైతు కూడా వచ్చేవాడు. డిక్కీలో టమాటా గంపలు వేసుకుని మార్కెట్‌కు పోయేవాడట. "ఎడ్లబండి లెక్కనే పనిచేస్తది... గడ్డి అడగది" అని మెచ్చుకునేవాడు.

కంపెనీ మీద వాళ్లకు కోపం లేదని కాదు. బయట ఏసీలున్న చిన్న కార్లు వచ్చేశాయి. వీళ్ల కంపెనీ మాత్రం ముందు జాలీ మార్చి, లైట్లు మార్చి, అదే బండిని కొత్తదని పంపేది. "జనం వరసలో నిలబడినంత కాలం వాళ్లకు మారాల్సిన అవసరం రాలేదండీ. ఇప్పుడు మారదామన్నా శక్తి లేదు" అనేవారు ప్రసాదరావు గారు.

విమానాలు దిగడం మొదలైంది... బాపు కొత్త తెల్ల అంగీ కుట్టించుకున్నాడు. కారు కడిగి పసుపు కుంకుమ పెట్టి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని విమానాశ్రయం రోడ్డు మీదికి తీసుకెళ్లాడు.

చాలాసేపటికి ఒక కుటుంబం వచ్చింది. బాపు పెట్టెలన్నీ డిక్కీలో సర్దాక ఆ ఇంటి పెద్దాయన అడిగాడు, "ఏసీ ఉందా?" అని.

"లేదు సార్. అద్దాలు దించితే మంచి గాలొస్తది."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సర్దిన పెట్టెలు బాపే మళ్లీ కిందికి దించి, పక్కనున్న వేరే కారు దాకా మోసి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగితే "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు ఎన్ని ఏళ్లు సాగిందో... తర్వాత ఫోన్లలో పిలిచే టాక్సీలు వచ్చాయి. ఇంత పాత బండిని తీసుకోం అన్నారు వాళ్లు. ఊళ్లోవాళ్లే పెళ్లిళ్లకూ దవాఖానలకూ కిరాయికి పిలిచేవారు.

నేను కాలేజీలో ఉండగా కంపెనీ మూతపడింది. పేపర్లో వార్త నేనే చదివి వినిపించాను. బాపు మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"ఆడ పనిచేసేటోళ్లు ఏడికి పోతరు బిడ్డా?" అన్నాడు. 

ప్రసాదరావు గారు తన కారు అమ్మేశారు. "మీరూ అమ్మేయండి సత్తయ్య గారూ. ఇక సామాన్లు దొరకవు" అని బాపుతో చెప్పారు.

"కంపెనోళ్లు మూసుకుంటే మూసుకోనీ సార్. నా బండి నడుస్తది" అన్నాడు బాపు.

నడిచింది, కొన్నాళ్లు... ఒకరోజు పక్కింటి అంజమ్మక్కకు కాన్పు నొప్పులు మొదలైతే బాపు కారులోనే దవాఖానకు బయలుదేరారు. మధ్యాహ్నం ఎండ. రావిర్యాల దాటాక క్లచ్ పోయి కారు ఆగిపోయింది. మా అమ్మ ఆమెను ఒడిలో పట్టుకుని కూర్చుంటే, బాపు రోడ్డు మధ్యలో నిలబడి వచ్చిన ప్రతి బండికీ చేతులు జోడించాడట. చివరికి ఒక ఆటో ఆగింది. అంజమ్మక్క బతికింది. బిడ్డ దక్కలేదు.

బండి ఆగకపోయినా దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. అంజమ్మక్క బాపును తప్పుపట్టలేదు. కానీ బాపు ఆ తర్వాత ఆ కారు తాళం ముట్టలేదు.

తుక్కు కొనేవాళ్ల లారీ వచ్చిన రోజు, బాపు కారు వెనక తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఇన్నేండ్లు నడిపిన గని, ఎన్నడు వెనక కూసోలే బిడ్డా" అన్నాడు. సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు. "మంచిగనే ఉంది" అన్నాడు. లారీవాళ్లు పిలిచేదాకా దిగలేదు.

ఇప్పుడు బాపు విమానాశ్రయం దగ్గర ఒక గోదాము గేటుకు వాచ్‌మన్. లోపలికి వచ్చే కార్లకు గేటు తీస్తాడు, మూస్తాడు. కొత్త మోడల్ ఏదైనా వస్తే, అది ఎట్లుంది బాపూ అని నేను ఆశగా అడుగుతాను... ఒకప్పుడు గంటసేపు చెప్పేవాడు.

"అన్ని ఒక్కతీరుగనే ఉన్నయ్ బిడ్డా" అంటాడు. 

మీ నాన్న కూడా ఇట్లా ఒక బండిని నమ్ముకునే ఉంటాడు... ఆయన ఇంకా దాని గురించి మాట్లాడుతున్నాడా? మాట్లాడుతుంటే కాసేపు కూర్చుని వినండి. ఆయన చెప్పింది ఈ కథ కింద రాయండి. మా బాపుకు చదివి వినిపిస్తాను.