అయిదు దుకాణాలు, నాలుగు కుర్చీలు

కరోనాకు రెండేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా దినపత్రిక నన్ను ఒంగోలు నుంచి గుంటూరు బ్యూరోకు స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌గా బదిలీ చేసింది. ఒంగోలులో నేను తీసినవి గిత్తలు, గ్రానైటు రాళ్ళు, పొగాకు వేలం. గాలి కాస్త గట్టిగా వీస్తే కొత్తపట్నం సముద్రం. ఫొటో సరిగా రాలేదని వీటిలో ఏదీ ఫోన్ చేసి తిట్టేది కాదు. గుంటూరులో మనుషుల్ని తీయాలన్నారు. అప్పుడే నాకు కొంచెం గుబులు పుట్టింది.

స్టాఫ్ ఫొటోగ్రాఫర్ అంటే నెలజీతగాడు. ఎక్కడికి వెళ్ళాలో పొద్దున్నే బ్యూరో ఇన్‌చార్జి చెబుతాడు. ఏది అచ్చువేయాలో రాత్రి డెస్కు తేలుస్తుంది. ఫొటో కింద రాసే రెండు ముక్కల్ని మేం రైటప్ అంటాం. మా ఇన్‌చార్జి ప్రసాద్ గారు తక్కువ మాటల మనిషి. ఆయన నాకు ఇచ్చిన ఏకైక వరం, జిల్లా పేజీలో వారానికోసారి వచ్చే 'వీధి చిత్రం' అనే చిన్న డబ్బా. అందులో రోడ్డుమీద నాకు నచ్చిందేదైనా వేసుకోవచ్చు. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

వచ్చిన కొత్తలో బ్యూరోలోని పాత ఫొటోల కవర్లన్నీ తిరగేశాను. రిక్షా స్టాండు కోసం పోరాడినవాళ్ళు, ఇళ్ళపట్టాలు అడిగినవాళ్ళు, పారిశుధ్య కార్మికులు, వారానికో రోజు సెలవు కోసం రోడ్డెక్కిన కొట్టు గుమస్తాలు, అందరూ ఉన్నారు. అందరిదీ ఒకే ఫొటో. టెంటు, బ్యానరు, పైకెత్తిన పిడికిళ్ళు, మూలన మంచినీళ్ళ డ్రమ్ము. కవర్లు కలిసిపోతే ఏది ఎవరి ఉద్యమమో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఊరు హక్కుల కోసం ఇన్నేళ్ళు కొట్లాడితే మావాళ్ళు ఒక్క ఫొటోనే తీస్తూ కూర్చున్నారని నవ్వుకున్నాను.

రజియాను చూసింది ఆ రోజుల్లోనే. బ్రాడీపేటలో ఒక పెద్ద చీరల దుకాణానికి ఎదురుగా, మూసేసిన కొట్టు మెట్టుమీద, పక్కన టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చుని ఉండేది. దుకాణం తెరిచేవేళకు వచ్చేది, కట్టేసేవేళకు వెళ్ళేది. ఆటో కోసం చూస్తోందనుకున్నాను. మర్నాడూ అక్కడే కనబడితే వెళ్ళి అడిగాను. తను ఆ దుకాణంలోనే ఏళ్ల తరబడి చీరలు చూపించిన మనిషి. కాళ్ళ నరాలు ఉబ్బి, డాక్టరు మధ్యమధ్య కూర్చోమంటే, కౌంటరు దగ్గర ఒక కుర్చీ వేయించమని అడిగింది. ఇంకో నాలుగు దుకాణాల ఆడవాళ్ళతో కలిసి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టింది. ఇక పనిలోకి రావద్దని యజమాని చెప్పాడు.

"లోపలేమో నిలబడమన్నారు సార్. బయటన్నా కూర్చుందామని వచ్చా," అంది.

పాతకాలపు బట్టల కొట్లలో పరుపులుండేవి. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడేవాళ్ళు. అద్దాల షోరూములు వచ్చాక కొనేవాళ్ళకు కుర్చీలు మిగిలాయి, అమ్మేవాళ్ళకు కౌంటర్లు మిగిలాయి. గోడకు ఆనుకున్నా సీసీ కెమెరాలో చూసి కేకలేస్తారట. నాకు ఒళ్ళు మండింది. ఫొటో తీసి, వార్తగా వేయమని డెస్కుకు పంపాను. 'ఇందులో ధర్నా ఎక్కడుంది?' అంటూ తిప్పికొట్టారు. పిడికిలి లేదు మరి.

లేబర్ ఆఫీసులో యజమానులను, ఫిర్యాదు చేసినవాళ్ళను కలిపి కూర్చోబెట్టారు. కౌంటరు దగ్గర కుర్చీలు ఎప్పుడో వేశామని, రజియా కావాలని దుకాణాల పరువు తీస్తోందని యజమానుల వాదన. వర్తకుల తరఫున మాట్లాడింది కోటేశ్వరరావు గారు, రజియా పనిచేసిన దుకాణం యజమాని. సరే, వచ్చి చూస్తానన్నారు ఆఫీసరు గారు. కుర్చీలుంటే ఫిర్యాదు అబద్ధమవుతుంది, ఆమె ఉద్యోగం శాశ్వతంగా పోతుంది. ఆ వీధిలో ఇంకెవరూ ఆమెకు పని ఇవ్వరు. తనిఖీ ఫొటోలు తీయమని ప్రసాద్ గారు నన్ను పంపించారు.

మొదటి దుకాణంలో నాలుగు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. వాటిమీద నలుగురు అమ్మాయిలు, స్కూలు ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుని. ఆఫీసరు గారు చూశారు, నేను తీశాను. వెంటనే ఆయన్ని యజమాని గదిలోకి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చారు. తాగితేగానీ కదలనివ్వలేదు. రెండో దుకాణంలో నాలుగు ఎర్ర కుర్చీలు, నిమ్మరసం. మూడోదాంట్లో నాలుగు కుర్చీలు, బాదంపాలు. విచిత్రమేమిటంటే, ప్రతి దుకాణంలోనూ ఆఫీసరు గారికి తుమ్ములు. కూర్చున్న అమ్మాయిలకూ తుమ్ములు. ఏసీ పడలేదేమోనని, వెంట తిరుగుతున్న కోటేశ్వరరావు గారు ఎంతో బాధపడ్డారు.

బాదంపాల దగ్గర నాకు విసుగేసి రోడ్డుమీదికొచ్చాను. ఎదురు మెట్టుమీద రజియా.

"ఇక్కడేం చూస్తారు సార్, ఆ పక్క సందులోకెళ్ళండి. మంచి ఫొటో దొరుకుద్ది," అంది.

వెళ్ళాను. దుకాణాల వెనక గుమ్మాల సందు అది. మిర్చి టిక్కీ బస్తాలు మోసే ట్రాలీ ఆటో ఒకటి ఆగి ఉంది. అడుగున ఎర్రటి కారం దుమ్ము. అందులో మూడు కుర్చీలు. నాలుగోది మూడో దుకాణం మేనేజరు నెత్తిమీద. తెల్ల చొక్కా, మెళ్ళో టై, ఒక చేత్తో కుర్చీ, రెండో చేత్తో ముక్కుకు రుమాలు, ఒకటే పరుగు. కుర్చీ వెనక షామియానా కొట్టువాళ్ళు తెల్లరంగుతో రాసుకున్న అక్షరాలు ఎండలో తళతళలాడుతున్నాయి. నొక్కేశాను. రోడ్డుమీద ఫొటో తీసేవాడికి అలాంటి అదృష్టం అస్తమానం దొరకదు.

ఇంత మజ్జిగ మర్యాద ఎందుకో అప్పుడర్థమైంది. ఆఫీసరు గారు గ్లాసు ఖాళీచేసేలోగా కుర్చీలు పక్క దుకాణం చేరాలి. తనిఖీలో ఫొటోగ్రాఫరు తలదూర్చకూడదన్నది మా వృత్తి నియమం. ఆ నియమాన్ని ఆ రోజు నేను మహా ఇష్టంగా పాటించాను. మిగతా రెండు దుకాణాలకూ బుద్ధిగా వెళ్ళి, ప్రతి ఫొటోలోనూ కుర్చీలు పూర్తిగా పడేలా తీశాను. చివరి దుకాణానికి వచ్చేసరికి ఆఫీసరు గారు కుర్చీలకంటే బాత్రూం ఎక్కడుందో చూడటానికే తొందరపడుతున్నారు.

బ్యూరోకెళ్ళి కంప్యూటర్లో ఫొటోలు పక్కపక్కన పెట్టాను. ఒక కుర్చీ చెయ్యి విరిగితే నల్ల తీగతో కుట్టారు. అయిదు దుకాణాల్లోనూ అదే చెయ్యి, అదే తీగ. ప్రసాద్ గారిని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, టీ తెప్పించుకుని మళ్ళీ చూశారు. ఆ దుకాణాలు మా పత్రికకు పేజీలకు పేజీలు ప్రకటనలిస్తాయి. వాళ్ళమీద వార్త అంటే పైవాళ్ళు ఒప్పుకోరని ఇద్దరికీ తెలుసు. అలా దిగాలుగా కూర్చున్న సమయంలో కోటేశ్వరరావు గారే ఫోన్ చేశారు.

"అయిదు షాపులయ్యీ వెయ్యాలండీ. ఒకరిది వేసి ఒకరిది మానేస్తే అలుగుతారు. కుర్చీలు బాగా కనపడాలి, అది మాత్రం చూడండి!"

ప్రసాద్ గారు ఫోన్ పెట్టేసి, "వాళ్ళడిగిందే వేద్దామయ్యా. ఒక్క మాట ఎక్కువ రాయొద్దు," అన్నారు.

అయిదు ఫొటోలూ ఒకే వరసలో, ఒకే సైజులో, ఏమీ కత్తిరించకుండా వేశాం. రైటప్‌లో దుకాణాల పేర్లు, ఆఫీసరు గారి హోదా, 'సిబ్బందికి కుర్చీల ఏర్పాటును పరిశీలిస్తున్న దృశ్యం' అన్న ముక్క, అంతే. ఆ వరస కిందే 'వీధి చిత్రం'. అందులో టై కట్టుకుని, కుర్చీ నెత్తిన పెట్టుకుని పరిగెత్తుతున్న మేనేజరు. దాని రైటప్: 'బ్రాడీపేటలో మండుటెండ'.

పొద్దున్నే కోటేశ్వరరావు గారి ఫోన్. ఫొటోలు బ్రహ్మాండంగా పడ్డాయండీ, ఇంకో పాతిక పేపర్లు పంపించండి అన్నారు. కాసేపటికే మళ్ళీ ఫోన్. ఈసారి ఆ పాతిక పేపర్లూ ఆపేయమన్నారు. ఈలోపు ఊరు చూసేసింది. కాఫీ హోటళ్ళలో పేజీ చేతులు మారింది. కోచింగ్ సెంటర్ల పిల్లలు తీగ కుట్టిన కుర్చీ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి ఫోన్లలో తిప్పారు. పైవాళ్ళు ప్రసాద్ గారిని సంజాయిషీ అడిగారు. ప్రకటనదారులు కోరినట్టే వేశాం కదండీ, అని ఆయన అమాయకంగా అడిగారట.

ఆ వారమే లేబర్ ఆఫీసులో విచారణ. ఆఫీసరు గారు మా పేజీని బల్లమీద పరిచి, అయిదు దుకాణాల కుర్చీలూ ఇప్పుడే, ఒకేసారి, ఇక్కడికి తెప్పించమన్నారు. షామియానా కొట్టు కుర్చీలన్నీ ఆ రోజు పెళ్ళికెళ్ళాయి. కోటేశ్వరరావు గారు కాస్త టైమిమ్మన్నారు.

"మొన్న మజ్జిగ తాగుతూ ఇచ్చానుగా టైము," అన్నారు ఆఫీసరు గారు. తుమ్ములు గుర్తుకొచ్చాయో ఏమో, నవ్వలేదు.

రజియాను తిరిగి పనిలోకి తీసుకున్నారు. బేరం లేనప్పుడు కూర్చోవచ్చని అయిదుగురు యజమానులూ రాసిచ్చారు. కొత్త కుర్చీలు వచ్చాయి. నాకు పట్టరాని సంతోషమేసి, ఆమె దర్జాగా కూర్చున్న ఫొటో ఒకటి తీసి 'వీధి చిత్రం'లో వేద్దామని కెమెరాతో వెళ్ళాను. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. కూర్చోమ్మా అంటే ససేమిరా అంది.

"ఫొటోకని కూర్చున్నోళ్ళని చూశాంగా సార్. మీరెళ్ళాక కూర్చుంటాలెండి."

ఆ ఫొటో తీయలేదు. హక్కు కోసం జరిగే కొట్లాటను ఫొటో తీయవచ్చు. అది అమలవుతోందో లేదో తెలియాలంటే మాత్రం కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళాలి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఈ సంగతి నాకు ఇంకెవరూ చెప్పలేదు. రిటైరయ్యేలోగా అలా నాలుగైదుసార్లు వెళ్ళాను. ఉత్తచేతులతో రాలేక వెళ్ళినప్పుడల్లా ఒక చీర కొనాల్సి వచ్చింది, ఉన్నట్టుండి ఈ ప్రేమేమిటని మా ఆవిడ అనుమానపడింది. రజియా ప్రతిసారీ ముందు నా చేతులవంక చూసేది. కెమెరా లేదని తేల్చుకుని, కుర్చీలోంచి లేవకుండానే, ఏ రంగు చూపించమంటారని అడిగేది.